ఫ్రీలాన్స్ రచయితకు పని తెచ్చే పరిచయాలు: ఏ మార్గం ఎవరికి తగినది

ఫ్రీలాన్స్ రచనను జీవనాధారంగా ఎంచుకున్నవారికి పరిచయాలు పెంచుకోమని చెప్పేవారికి కొదవ లేదు. ఏ పరిచయాలు, ఎక్కడ, ఎంత సమయం వెచ్చించి పెంచుకోవాలో చెప్పేవారు మాత్రం తక్కువ. రాయడం, దిద్దడం, బిల్లులు పంపడం, రావలసిన పారితోషికం గురించి గుర్తుచేయడం పోగా వారంలో ఈ పనికి మిగిలేది కొద్ది గంటలే. ఆ గంటలను వృత్తిపరమైన పరిచయాల వెబ్‌సైటు లింక్డ్‌ఇన్‌లో గడపాలా, పని ఇచ్చేవారిని, చేసేవారిని కలిపే అప్‌వర్క్ వంటి ఆన్‌లైన్ వేదికల్లో ప్రతిపాదనలు పంపడానికి వాడాలా, సంపాదకులకు నేరుగా మెయిళ్లు రాయాలా, రచయితల సంఘంలో చేరాలా, పాత క్లయింట్లను పలకరించాలా అన్నది ప్రతివారూ తేల్చుకోవలసిన విషయం. అన్నీ తలా కాస్త చేస్తే సరిపోతుందనుకోవడం వల్లనే చాలామంది ఏ ఒక్కదానిలోనూ ఫలితం కనిపించేంత కాలం నిలవలేకపోతున్నారు.

ఈ మార్గాలను పోల్చేటప్పుడు నేను మూడు సంగతులు చూస్తాను. పరిచయమయ్యే వ్యక్తికి పని ఇచ్చే అధికారం గాని, పని ఇచ్చేవారి ముందు మీ పేరు ప్రస్తావించే అవకాశం గాని ఉందా? ఆ వ్యక్తి మీ రాతను నిజంగా చదివారా? ఆ పరిచయం మీ దగ్గరే ఉంటుందా, లేక మధ్యలో ఉన్న సంస్థ తన నిబంధనలు మార్చుకుంటే చేజారిపోతుందా? వీటిలో రెండవదానికే నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇస్తాను. ఇతర వృత్తుల్లో మనిషిని చూసి, మాట విని ఒక అంచనాకు రావచ్చు; రచయిత విషయంలో అతని రాత చదవని వ్యక్తి చేసే సిఫారసులో బలం ఉండదు. రాత చదివినవారిలోనూ, గడువులోగా అందిందా, దిద్దుబాట్లకు సహకరించారా, వాస్తవాల్లో పొరపాట్లు దొర్లాయా అన్నది దగ్గరగా చూసినవారి మాటే పని తెస్తుంది.

మధ్యవర్తి వేదికలు

కొత్తగా ఈ రంగంలోకి వచ్చినవారికి మొదట కనిపించేవి అప్‌వర్క్, ఫైవర్ వంటి వేదికలు. 1999లో మొదలైన ఈలాన్స్, 2003లో మొదలైన ఓడెస్క్ అనే రెండు సంస్థలు కలిసి, 2015లో అప్‌వర్క్ అనే పేరు తీసుకున్నాయి. 2010లో వచ్చిన ఫైవర్‌లో పద్ధతి వేరు: అక్కడ రచయిత తన సేవను ముందే ధర కట్టి పెడతాడు, కావలసినవారు వచ్చి తీసుకుంటారు. ఈ వేదికలకున్న గొప్ప సుగుణం ఒకటే అయినా అది చిన్నది కాదు. ఇక్కడికి వచ్చే క్లయింటు పని చేయించుకోవాలని ముందే నిర్ణయించుకుని వస్తాడు కాబట్టి, మీకు ఎవరూ తెలియకపోయినా పని దొరికే అవకాశం ఉంటుంది. డబ్బు కూడా వేదిక ద్వారానే చేరుతుంది కనుక ఎగవేత భయం కొంత తగ్గుతుంది.

దానికి తగ్గ మూల్యమూ ఉంది. ఫైవర్ రచయిత రాబడిలో 20 శాతం తీసుకుంటుంది. అప్‌వర్క్ తన రుసుమును పదేళ్లలో పలుమార్లు మార్చింది: 2016లో 20, 10, 5 శాతాల అంచెలు పెట్టింది, 2023లో అందరికీ 10 శాతం చేసింది, 2025లో ఒప్పందాన్ని బట్టి 15 శాతం వరకు మారే పద్ధతికి వెళ్లింది. ఇంతకంటే ముఖ్యమైన నిబంధనను చాలామంది చదవరు. అప్‌వర్క్‌లో పరిచయమైన క్లయింటుతో రెండేళ్ల పాటు చెల్లింపులన్నీ ఆ వేదిక ద్వారానే జరగాలి. బయటకు వెళ్లాలంటే అందుకు విడిగా రుసుము కట్టాలి. ఫైవర్ అయితే వేదిక వెలుపల సంప్రదింపులనే నిషేధించింది. అందువల్ల అక్కడ సంపాదించిన పరిచయం కొంతకాలం వరకు పూర్తిగా మీది కాదు. మీకు వచ్చిన మంచి రేటింగులు కూడా ఆ గోడల మధ్యనే చెల్లుతాయి. వాటిని మరో చోటికి తీసుకుపోలేరు.

కనుక ఈ వేదికలను పని దొరికే చోటుగా చూడాలే గాని, పరిచయాలు పెరిగే చోటుగా భావించకూడదని నా అభిప్రాయం. చూపించడానికి నాలుగు నమూనాలు కూడా లేనివారికి ఇవి అక్కరకొస్తాయి. చేరినవారు తక్కువ ధరకు ఎక్కువ పనులు పట్టుకోవడం కంటే, పేరు వేసే క్లయింట్లను, నమూనాగా చూపుకోవడానికి అనుమతించే క్లయింట్లను ఎంచుకోవడం మేలు. తగినన్ని నమూనాలు సమకూరాక ఈ వేదికకు ఇచ్చే సమయాన్ని తగ్గించుకుంటూ రావాలి.

లింక్డ్‌ఇన్

2003లో ప్రారంభమై 2016లో మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లిన లింక్డ్‌ఇన్ ఒక రకం రచయితకు ఎంతో ఉపయోగపడుతుంది, మరో రకం రచయితకు దాదాపు ఉపయోగపడదు. సంస్థలకు వ్యాసాలు, కేస్ స్టడీలు, శ్వేతపత్రాలు (ఒక సమస్యను, దాని పరిష్కారాన్ని వివరించే సంస్థల నివేదికలు), ఉత్పత్తుల సమాచారం రాసేవారికి పని ఇచ్చేది మార్కెటింగ్ విభాగాల అధికారులు. వారు అక్కడ ఉంటారు, అక్కడే రచయితల కోసం వెతుకుతారు. పత్రికలకు కథనాలు రాసేవారి పరిస్థితి వేరు. సంపాదకుడు రచయితను ఎంచుకునేది అతని ప్రతిపాదన చూసి, అది మెయిల్‌లో వస్తుంది. సాహిత్య రచన చేసేవారికైతే అక్కడ గడిపే సమయానికి దక్కే ఫలం ఇంకా స్వల్పం.

మీరు మొదటి రకానికి చెందినవారైతే, రోజూ పోస్టులు పెట్టడం కంటే ప్రొఫైల్‌లో పేరు కింద ఉండే ఒక్క పంక్తిని సరిచేసుకోవడం వల్ల ఎక్కువ ప్రయోజనం కలుగుతుంది. "ఫ్రీలాన్స్ రచయిత" అని మాత్రమే రాసుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. "ఆసుపత్రులకు, ఆరోగ్య సంస్థలకు రోగుల కోసం సులభ భాషలో సమాచార పత్రాలు రాస్తాను" అని రాస్తే, అటువంటి అవసరం ఉన్నవారు మీ దగ్గర ఆగుతారు, అవసరం లేనివారు మీ సమయం వృథా చేయకుండా ముందుకు సాగుతారు. పరిచయ అభ్యర్థన పంపేటప్పుడు పని అడగవద్దు; ఆ వ్యక్తి విభాగం నుంచి ఇటీవల వచ్చిన ఏదైనా వ్యాసాన్ని చదివి, అందులో మీకు నచ్చిన ఒక నిర్దిష్టమైన అంశాన్ని ఒక్క వాక్యంలో చెప్పండి. వేలమందిని చేర్చుకున్నా వారిలో మీ రాత చదివినవారు పదిమంది కూడా లేకపోతే, ఆ సంఖ్య మీకు ఒక్క పనీ తేదు.

పాత క్లయింట్లు, పాత సహోద్యోగులు

అన్ని మార్గాల్లోనూ అతి తక్కువ శ్రమతో అతి ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. అందరూ చివరికి వదిలేసేదీ ఇదే. ఒకసారి మీతో పని చేయించుకున్న వ్యక్తికి మీ రాత ఎలా ఉంటుందో, గడువును ఎలా పాటిస్తారో కొత్తగా నిరూపించవలసిన పని లేదు. పైగా సంపాదకులు, మార్కెటింగ్ అధికారులు ఉద్యోగాలు మారుతూనే ఉంటారు. ఒక సంస్థలో మీకు తెలిసిన ఒక వ్యక్తి మరో సంస్థకు వెళితే, ఆ కొత్త సంస్థ తలుపు కూడా మీకు తెరుచుకున్నట్టే. అందుకే క్లయింట్ల జాబితాను సంస్థల పేర్లతో కాకుండా మనుషుల పేర్లతో రాసుకోవాలి.

అడపాదడపా కలిసే పరిచయస్తులే పని విషయంలో ఎక్కువగా తోడ్పడతారన్న సంగతిని సామాజిక శాస్త్రజ్ఞుడు మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రచురించిన పరిశోధన చూపింది. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం పొందినవారిని, ఆ కాలంలో ఆ వ్యక్తిని ఎంత తరచుగా కలిసేవారని ఆయన అడిగారు. తరచుగా అన్నవారు 16.7 శాతం, అప్పుడప్పుడు అన్నవారు 55.6 శాతం, అరుదుగా అన్నవారు 27.8 శాతం. మన సన్నిహితులకు తెలిసిన కబుర్లు చాలావరకు మనకూ తెలిసే ఉంటాయి. కొంచెం దూరంలో ఉన్నవారు వేరే వలయాల్లో తిరుగుతారు కనుక కొత్త సమాచారం వారి ద్వారా చేరుతుంది. లింక్డ్‌ఇన్‌లో 2 కోట్లకు పైగా సభ్యులపై ఐదేళ్ల పాటు జరిగిన ప్రయోగాల ఫలితాలు 2022లో వెలువడినప్పుడు ఈ వాదనకు మద్దతు దొరికింది, ఒక సవరణా వచ్చింది: బొత్తిగా పలుచని పరిచయాలకంటే, మధ్యస్థంగా ఉన్న పరిచయాలు ఉద్యోగ మార్పులకు ఎక్కువ తోడ్పడ్డాయి. ఇవి రెండూ ఉద్యోగాలకు సంబంధించిన లెక్కలు, ఫ్రీలాన్స్ పనులకు నేరుగా వర్తింపజేయలేము. అయినా పాత క్లయింటు అనే వ్యక్తి సరిగ్గా ఆ మధ్యస్థ స్థానంలో ఉంటాడని గుర్తించడానికి పెద్ద ఆలోచన అక్కరలేదు.

పలకరించడానికి మొహమాటపడేవారు చాలామంది ఉన్నారు. పని లేక అడుగుతున్నామని అనుకుంటారేమోనన్నది వారి సంకోచం. పలకరింపులో అవతలివారికి పనికొచ్చే ముక్క ఒకటి ఉంటే ఆ ఇబ్బంది తొలగిపోతుంది. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: "నమస్కారం. సౌర విద్యుత్ నిల్వపై మీ కోసం రాసిన వ్యాసాన్ని ఈమధ్య మళ్లీ చదివాను. అందులో ప్రస్తావించిన భద్రతా ప్రమాణం తరువాత మారింది. రెండు పేరాలు సవరిస్తే సరిపోతుంది. మీకు సమ్మతమైతే ఆ సవరణ నేనే పంపిస్తాను. వచ్చే నెల నుంచి కొత్త పనికి నాకు కొంత వీలు ఉంటుంది, అవసరమైతే తెలియజేయగలరు." ఇందులో బతిమాలడం లేదు, గొప్పలు లేవు. చివరి వాక్యం లేకపోతే అది ఉత్త పలకరింపు అవుతుంది కనుక దాన్ని మాత్రం వదలకూడదు. వీలుందని చెప్పని రచయిత తీరిక లేకుండా ఉన్నాడని క్లయింట్లు సహజంగానే అనుకుంటారు.

తోటి రచయితలు

ఒకే రంగంలో రాసే ఇద్దరు పోటీదారులన్న భావన ఈ వృత్తికి ఎంతో నష్టం చేస్తోంది. నిజానికి మీ రంగంలోనే రాసే మరో రచయిత మీకు అత్యంత విలువైన పరిచయం. ఆరోగ్య విషయాలు రాసేవారికి వచ్చే పని ఆరోగ్య విషయాలకు సంబంధించినదే, వారికి చేతినిండా పని ఉండి కాదనవలసి వచ్చినప్పుడు క్లయింటు వెంటనే అడిగే ప్రశ్న, "మరి ఎవరైనా ఉన్నారా?" అన్నదే. ఆ క్షణంలో ఎవరి పేరు నోటికొస్తుందో వారికి ఆ పని చేరుతుంది. ప్రయాణ వ్యాసాలు రాసే స్నేహితుడు ఎంత ఆప్తుడైనా మీకు ఆరోగ్య వ్యాసం పని ఇప్పించే సందర్భం అరుదుగా వస్తుంది.

ఈ పరిచయాలు పని కంటే ముందు సమాచారాన్ని తెస్తాయి. ఏ సంస్థ గడువుకు డబ్బు ఇస్తుంది, ఏ సంపాదకుడు దిద్దుబాట్ల పేరుతో వ్యాసాన్ని నాలుగుసార్లు తిరగరాయిస్తాడు, ఇటువంటి పనికి ఎంత అడగడం సమంజసం అన్నవి ఏ ప్రకటనలోనూ కనిపించవు. పారితోషికం గురించి తోటివారితో మాట్లాడని రచయిత ఏళ్ల తరబడి తక్కువకు పని చేస్తున్నా ఆ సంగతి తెలుసుకునే దారే ఉండదు. ఇది నాకు బాధ కలిగించే విషయం, ఎందుకంటే ఇలా నష్టపోయేవారిలో ఎక్కువమంది మంచి రచయితలు, మొహమాటస్తులు.

తోటి రచయితకు పని పంపేటప్పుడు కొన్ని మర్యాదలు తప్పనిసరి. రాత చదవకుండా ఎవరి పేరూ చెప్పకూడదు, ఎందుకంటే ఆ పని చెడితే పోయేది మీ పరువు కూడా. పేరు ఇచ్చే ముందు ఆ రచయితను అడగాలి. పని స్వభావం, గడువు, సుమారు పారితోషికం, ఆ క్లయింటుతో మీ అనుభవం దాచకుండా చెప్పాలి. సిఫారసు చేసినందుకు వాటా అడిగేవారు ఉన్నారు. దీర్ఘకాలం సాగే పెద్ద పనులకు ముందే రాతపూర్వకంగా అనుకుంటే అందులో తప్పు లేదు గాని, ఒక్కొక్క వ్యాసానికి వాటా తీసుకోవడం మొదలైతే ఆ స్నేహం బేరంగా మారుతుంది. వాటా లేకుండా పంపిన పనికి బదులుగా మరో రోజు మరో పని రావడమే ఈ వ్యవస్థ నడిచే తీరు. మీకు వచ్చిన సిఫారసు ఏమైందో, పని కుదిరినా కుదరకపోయినా, పంపినవారికి ఒక మాట చెప్పడం మరవకూడదు. చాలా సిఫారసులు ఆగిపోయేది ఆ ఒక్క మాట అందకపోవడం వల్లనే.

సంపాదకులకు నేరుగా రాయడం

ఇది ఓపిక కోరే మార్గం, కాని పత్రికా రచయితలకు దీనికి సాటి వచ్చేది లేదు. పరిచయం లేని సంపాదకుడికి "మీ పత్రికకు రాయాలని ఉంది" అని రాస్తే జవాబు రాదు, ఎందుకంటే అందులో అతను నిర్ణయించవలసిందేమీ లేదు. ఒక నిర్దిష్టమైన వ్యాస ప్రతిపాదన పంపితే, అది తిరస్కరణకు గురైనా మీ ఆలోచన ఎలా నడుస్తుందో అతనికి తెలుస్తుంది. వ్యాసం దేని గురించి, ఇప్పుడే ఎందుకు, ఎవరితో మాట్లాడతారు, మీరే ఎందుకు రాయాలి అన్న నాలుగు విషయాలు రెండు చిన్న పేరాల్లో ఇమడాలి. "ఇది మాకు సరిపడదు, మరొకటి ఉంటే పంపండి" అన్న జవాబు వస్తే దాన్ని తిరస్కరణగా చదవకండి. అది పరిచయానికి ఆరంభం, దానికి రెండు మూడు వారాల్లోగా మరో ప్రతిపాదనతో స్పందించాలి. ఒకే ప్రతిపాదనను ఒకేసారి ఇద్దరు సంపాదకులకు పంపేటప్పుడు ఆ సంగతి ఇద్దరికీ తెలియజేయండి.

సంఘాలు, సమావేశాలు

రచయితల సంఘాల్లో సభ్యత్వానికి డబ్బు కట్టాలి, కనుక ఆ డబ్బుకు ఏం దక్కుతుందో చూసి చేరాలి. అమెరికాలో 1970లో మొదలైన ఎడిటోరియల్ ఫ్రీలాన్సర్స్ అసోసియేషన్‌లో ఎవరైనా చేరవచ్చు. అది సభ్యులకు పనుల జాబితా అందిస్తుంది, వివిధ పనులకు నడుస్తున్న రేట్ల పట్టికను ప్రచురిస్తుంది. బ్రిటన్‌లోని సొసైటీ ఆఫ్ ఆథర్స్ 1884 నాటిది. సభ్యుల ఒప్పంద పత్రాలను పరిశీలించి సలహా ఇవ్వడం దాని ప్రధాన సేవల్లో ఒకటి. వైద్య రచయితల కోసం 1940 నుంచి అమెరికన్ మెడికల్ రైటర్స్ అసోసియేషన్ ఉంది. మీరు ఏ దేశంలో ఉన్నా, అన్ని రకాల రచయితలూ ఉండే పెద్ద సంఘం కంటే మీ రంగానికే పరిమితమైన చిన్న సంఘం పరిచయాల విషయంలో ఎక్కువ మేలు చేస్తుంది. ఒప్పందాల సలహా కావాలంటే మాత్రం పెద్ద సంఘమే మంచిది. చేరి ఊరుకుంటే ఏదీ జరగదు. సంఘం వార్తాలేఖకు సంపాదకత్వం వహించడమో, కొత్తవారికి మార్గదర్శిగా ఉండడమో చేస్తే మీ పనితనం నలుగురికీ దగ్గరగా కనిపిస్తుంది.

సమావేశాల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. రచయితల సమావేశంలో తోటి రచయితలు కలుస్తారు, మీరు రాసే రంగానికి చెందిన సమావేశంలో పని ఇచ్చేవారు కలుస్తారు. ప్రయాణ ఖర్చు ఒకదానికే సరిపోయేట్టయితే రెండవదానికే వెళ్లండి.

మీ పరిస్థితిని బట్టి

ఇప్పుడే మొదలుపెట్టి, చేతిలో నమూనాలు లేనివారు మధ్యవర్తి వేదికల్లో ఒకదాన్ని ఎంచుకుని, దానికి సగం సమయం ఇచ్చి, మిగతా సగం తమ రంగంలోని ఇద్దరు ముగ్గురు రచయితలతో పరిచయం పెంచుకోవడానికి వాడాలి. ఉద్యోగం మాని ఫ్రీలాన్స్‌లోకి వచ్చినవారు ఏ వేదికనూ తాకకముందే పాత సహోద్యోగులందరికీ విడివిడిగా రాయాలి. అందరికీ కలిపి ఒకే మెయిల్ పంపితే అది ప్రకటన అవుతుంది, ఎవరూ తమకు రాశారనుకోరు. ఒకే పెద్ద క్లయింటుపై ఆధారపడి బతుకుతున్నవారికి ప్రమాదం ఎక్కువ, అయినా వారికే పరిచయాలు పెంచుకోవడం అత్యవసరంగా తోచదు. వారు పని నిండుగా ఉన్న కాలంలోనే తోటి రచయితలకు పనులు మళ్లించడం మొదలుపెట్టాలి, ఆ క్లయింటు బడ్జెట్ తగ్గించిన నెలలో కొత్తగా పరిచయాలు పుట్టవు. నలుగురిలో మాట్లాడడం కష్టమనిపించేవారికి ఈ పోలికలో లోటేమీ లేదు. పాత క్లయింట్లకు ఉత్తరాలు, సంపాదకులకు ప్రతిపాదనలు రెండూ రాతతో జరిగేవే.

ఇతరుల పేరుతో రాసే ఘోస్ట్ రైటర్ల సంగతి విడిగా చెప్పాలి. వారి ఉత్తమ రచనలపై వారి పేరు ఉండదు, గోప్యత పాటిస్తామన్న ఒప్పందం వల్ల ఫలానాది నేను రాశానని చెప్పుకోలేరు. అందువల్ల లింక్డ్‌ఇన్ గాని, నమూనాలు గాని వారికి పెద్దగా తోడ్పడవు. వారి పని దాదాపు పూర్తిగా నోటి మాట మీదే నడుస్తుంది. ఇటువంటివారు పని ఒప్పుకునేటప్పుడే ఒప్పందంలో రెండు చిన్న వెసులుబాట్లు అడగాలి: కొత్త క్లయింటు ఎవరైనా విచారిస్తే పాత క్లయింటు వ్యక్తిగతంగా ఒక మాట చెప్పడానికి అంగీకారం, రచన పేరు బయటపెట్టకుండా ఏ రంగంలో ఎంత నిడివి గల పని చేశారో చెప్పుకునే అనుమతి. సంతకాలకు ముందు అడిగితే చాలామంది అభ్యంతరపెట్టరు. పుస్తకం విడుదలై, దాన్ని రాసింది ఆ క్లయింటేనని అందరూ నమ్ముతున్న సమయంలో అడిగితే, ఎంత మంచి సంబంధం ఉన్నా ఒప్పుకోవడం వారికి కష్టమవుతుంది.